రూమా బావి చెబుతున్న పాఠం

జుమా నమాజు ముగిసి, దుఆ పూర్తయి, జనం చెప్పులు వెతుక్కుంటున్న వేళ మస్జిదు గుమ్మం దగ్గర ఒక వ్యక్తి నిలబడి ఉంటాడు. చేతిలో ఆసుపత్రి బిల్లు, దానికి జతగా మహల్లా పెద్దలు సంతకం చేసిన చీటీ. తండ్రికి గుండె ఆపరేషన్ అనో, బిడ్డకు మూత్రపిండాల జబ్బు అనో ఇమామ్ సాహెబ్ అంతకుముందే ప్రకటించి ఉంటారు. పరచిన రుమాలులో మనం యాభయ్యో వందో వేసి, మనసులో ఒక దుఆ చేసుకుని ఇంటిదారి పడతాం. అల్లాహ్ ఆ దానాన్ని స్వీకరించుగాక! కానీ ఈ దృశ్యం మన కళ్లముందే ఎంత మామూలైపోయిందో ఎప్పుడైనా ఆలోచించామా? ఒకప్పుడు ఆ గుమ్మం దగ్గర ఆకలిగొన్నవాడు, దారి ఖర్చులు లేక చిక్కుకుపోయిన బాటసారి నిలబడేవారు. నేడు నిన్నటిదాకా సంపాదించుకుని గౌరవంగా బతికిన కుటుంబీకుడు నిలబడుతున్నాడు. అతణ్ణి అక్కడికి తెచ్చింది సోమరితనం కాదు, దుబారా కాదు. ఇంట్లో ఒకరికి జబ్బు చేయడం ఒక్కటే.

జబ్బు చేసిన మనిషికి వైద్యం అందించే బాధ్యత ఎవరిది? అతని కుటుంబానిదా, దాతలదా, వ్యాపారిదా, సమాజం మొత్తానిదా? ఈ ప్రశ్న మీద ప్రపంచమంతటా వాదోపవాదాలు నడుస్తున్నాయి. ప్రజల సొమ్ముతో నిర్మించుకున్న ఆరోగ్య వ్యవస్థలను ప్రైవేటు సంస్థల చేతుల్లో పెట్టడం మంచిదా కాదా అన్న చర్చ మన రాష్ట్రాల్లోనూ ఊపందుకున్నది. ఈ నెల మేము ఆ విషయమే మాట్లాడదలచుకున్నాం. అందుకు బ్రిటన్ దేశపు అనుభవాన్ని కొంత వివరంగా చూద్దాం. అయితే దానికంటే ముందు మదీనాలోని ఒక బావి దగ్గర కాసేపు ఆగాలి.

ఒక బావి, రెండు పాఠాలు

మక్కా నుండి వలస వచ్చిన ముహాజిర్లకు మదీనాలో ఎదురైన తొలి ఇబ్బందుల్లో నీటి ఎద్దడి ఒకటి. తాగడానికి అనువైన తీపినీరు రూమా అనే బావిలో ఉండేది. అది ఒక వ్యక్తి సొంత ఆస్తి. ఆయన ఆ నీటిని అమ్ముకునేవాడు. ఉన్నవారు కొనుక్కునేవారు, లేనివారు ఇబ్బంది పడేవారు. అప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒక పిలుపు ఇచ్చారు. ఆ బావిని కొని, తన చేదను కూడా సాటి ముస్లిముల చేదలతో సమానంగా అందులో వేసేవారికి స్వర్గంలో అంతకంటే మేలైనది లభిస్తుందని శుభవార్త వినిపించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చారు.

చరిత్రకారులు చెప్పే కథనం ఒకటి ఇక్కడ ఆసక్తికరమైనది. యజమాని బావి మొత్తాన్ని అమ్మడానికి మొదట ఒప్పుకోలేదు. సగం హక్కు మాత్రమే అమ్మాడు. ఒకరోజు ఉస్మాన్‌ (రజి)ది, మరుసటిరోజు యజమానిది. ఉస్మాన్ (రజి) తన వంతు రోజున నీటిని అందరికీ ఉచితం చేశారు. ప్రజలు ఆ రోజే రెండు రోజులకు సరిపడా తోడుకునేవారు. యజమాని వంతు వచ్చేసరికి కొనేవాడు లేడు. చివరికి అతను మిగిలిన సగాన్నీ అమ్మేశాడు. బావి మొత్తం అల్లాహ్ మార్గంలో వక్ఫ్ అయింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఉచితంగా నీరు దొరికే రోజు ఒకటి ఉన్నంతకాలం అమ్మేవాడు తన ఇష్టం వచ్చిన ధర చెప్పలేడన్నది మొదటిది. రెండవది మరింత లోతైనది. బావిని కొన్న సంపన్నుని చేద కూడా పేదవాని చేద పక్కనే, అదే నీటిలో మునగాలన్నది ప్రవక్త (సఅసం) కోరిన షరతు. బావి కొన్నవానికి వేరే రేవు లేదు, వేరే నీరు లేదు. పెద్దలు తాగే నీరే పేదలు తాగుతున్నప్పుడు ఆ బావిలో పూడిక పేరుకోదు. పేరుకుంటే అడిగేవారు ఉంటారు.

ఈ రెండు పాఠాలూ దృష్టిలో ఉంచుకుని బ్రిటన్ కథ చూద్దాం.

అందరికీ ఒకే బావి

రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్‌లో వైద్యం మన దేశంలో లాగానే ముక్కలు ముక్కలుగా ఉండేది. 1911లో తెచ్చిన బీమా చట్టం ప్రకారం తక్కువ ఆదాయం ఉన్న కార్మికునికి వైద్యుని సేవ దొరికేది. అతని భార్యాబిడ్డలకు దొరికేది కాదు. ఇంటి ఇల్లాలు తన రోగాన్ని కొంగుచాటున దాచుకుని పిల్లల కోసం పైసా పైసా కూడబెట్టేది. యుద్ధం నడుస్తుండగానే, 1942లో, విలియం బెవరిడ్జ్ సమర్పించిన నివేదిక ఈ పరిస్థితిని మార్చాలని చెప్పింది. యుద్ధానంతరం ఏర్పడిన ప్రభుత్వంలో ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్ ఆ పని భుజాన వేసుకున్నాడు. ఆయన వేల్స్‌లోని బొగ్గుగనుల ప్రాంతంలో పుట్టి, బాల్యంలోనే గనిలో దిగి పనిచేసినవాడు.

1948 జులై 5న నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. దేశంలోని రెండున్నర వేలకు పైగా ఆసుపత్రులు ప్రజల ఆస్తి అయ్యాయి. పన్నుల సొమ్ముతో నడిచే ఈ సేవలో వైద్యుడు రోగిని డబ్బు అడగనక్కరలేదు. సేవ మొదలైన కొత్తల్లో ఏళ్ల తరబడి దాచుకున్న జబ్బులతో స్త్రీలు వైద్యుల దగ్గర బారులు తీరారు. కళ్లజోళ్ల కోసం, కట్టుడు పళ్ల కోసం లక్షలాది మంది వచ్చారు. ఆ దేశంలో ఎంత బాధ మౌనంగా దాగి ఉందో పాలకులకు అప్పుడే తెలిసింది.

ఈ వ్యవస్థలో అసలు బలం ఉచితం కావడంలో మాత్రమే లేదు. ప్రొఫెసరూ, గని కార్మికుడూ ఒకే వైద్యుని దగ్గర వరుసలో కూర్చోవడంలో ఉంది. ఉస్మాన్ (రజి) చేద సామాన్యుల చేదలతో కలిసినట్టే అక్కడ మధ్యతరగతి చేద పేదవారి చేదతో కలిసింది. అందువల్లనే ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా ఆ సేవను బాహాటంగా అమ్మేస్తామని చెప్పే సాహసం చేయలేదు. వలస వెళ్లిన వైద్యుల శ్రమ కూడా ఆ బావిని నిలబెట్టింది. హైదరాబాద్, గుంటూరు, విశాఖపట్నం వైద్య కళాశాలల్లో మన ప్రజల సొమ్ముతో చదువుకున్న తెలుగు వైద్యులు వారిలో ఉన్నారు.

ముందు తలుపు మూసి ఉంటే

ముందు తలుపు నుండి అమ్మడం సాధ్యం కానప్పుడు పక్క తలుపులు తెరుచుకుంటాయి. బ్రిటన్‌లో జరిగింది అదే. 1951లోనే కళ్లజోళ్లకు, కట్టుడు పళ్లకు రుసుము పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. తాను కట్టిన ఇంటికి మొదటి పగులు పడిందని బెవన్ మంత్రి పదవికి రాజీనామా ఇచ్చాడు. మరుసటి ఏడాది మందుచీటీకి ఒక షిల్లింగ్ వసూలు మొదలైంది. అది చిన్న మొత్తమే. కానీ రోగానికీ డబ్బుకూ మధ్య తెంచిన ముడిని మళ్లీ వేయవచ్చునని అది చూపింది.

1983 నుండి ఆసుపత్రులలో ఊడ్చడం, బట్టలు ఉతకడం, వంట వండడం వంటి పనులను టెండర్లు పిలిచి కాంట్రాక్టర్లకు ఇవ్వమన్నారు. వైద్యాన్ని ముట్టుకోలేదు కదా, చీపురే కదా ఇచ్చింది అన్నారు. తక్కువ రేటుకు ఒప్పుకున్నవాడు తక్కువ మందితో ఊడ్పించాడు. పరిశుభ్రత విశ్వాసంలో భాగమని నమ్మే మనకు ఆసుపత్రిలో చీపురు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఆసుపత్రిలోనే సోకే అంటురోగాల గురించి ఆందోళన పెరిగిన తరువాత స్కాట్లాండ్ ప్రభుత్వం 2008లో ఇకపై శుభ్రత పనులకు కొత్తగా ప్రైవేటు కాంట్రాక్టులు ఇవ్వకూడదని నిర్ణయించింది.

ఆ తరువాత వచ్చింది లోపలి అంగడి. 1990 నాటి చట్టంతో ప్రజారోగ్య సేవనే రెండుగా చీల్చారు. ఒక భాగం కొనేది, ఇంకో భాగం అమ్మేది. ఒకే ఇంట్లో అన్నదమ్ముల మధ్య రశీదు పుస్తకాలు పెట్టినట్టయింది. 2012లో వచ్చిన మరో చట్టం ఇంగ్లండులో ప్రైవేటు సంస్థలు ఆ కాంట్రాక్టులకు పోటీ పడే దారిని ఇంకా వెడల్పు చేసింది.

మరొక తలుపు భవనాల రూపంలో తెరుచుకుంది. 1992లో ప్రవేశపెట్టిన విధానం ప్రకారం ప్రైవేటు కంపెనీలు అప్పు తెచ్చి ఆసుపత్రి భవనం కడతాయి, ప్రభుత్వం పాతికేళ్లకు, ముప్పై ఏళ్లకు వాయిదాలు చెల్లిస్తుంది. ప్రభుత్వ ఖజానా మీద తక్షణం భారం పడదు గనుక రెండు ప్రధాన పార్టీలూ దీన్ని ఇష్టపడ్డాయి. ఒక అంచనా ప్రకారం సుమారు 1,300 కోట్ల పౌండ్ల విలువైన ఆసుపత్రి నిర్మాణాలకు ఒప్పందాలన్నీ ముగిసేనాటికి చెల్లించేది సుమారు 8,000 కోట్ల పౌండ్లు. అందులో నిర్వహణ ఖర్చు ఉంది, లాభం ఉంది, వడ్డీ ఉంది. వడ్డీ ఎంత నిశ్శబ్దంగా మనిషిని మింగుతుందో మన ధర్మం మనకు పదేపదే హెచ్చరించింది. అది ఆసుపత్రులను కూడా మింగగలదని ఈ లెక్క చెబుతోంది. 2018 జనవరిలో కారిలియన్ అనే భారీ నిర్మాణ సంస్థ కుప్పకూలినప్పుడు లివర్‌పూల్‌లో, బర్మింగ్‌హామ్ సమీపంలో రెండు పెద్ద ఆసుపత్రుల నిర్మాణం అర్ధాంతరంగా ఆగిపోయింది. ఆ ఏడాది చివరలో ప్రభుత్వం ఇక ఇటువంటి కొత్త ఒప్పందాలు చేసుకోబోనని ప్రకటించింది.

హించింగ్‌బ్రూక్ ఆసుపత్రి కథ అన్నిటికంటే సూటిగా ఉంటుంది. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని ఈ ప్రజా ఆసుపత్రి అప్పుల్లో కూరుకుపోయింది. 2012 ఫిబ్రవరిలో సర్కిల్ అనే ప్రైవేటు సంస్థకు పదేళ్ల నిర్వహణ ఒప్పందం మీద దాన్ని అప్పగించారు. ప్రజా ఆసుపత్రి మొత్తం నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ చేతికి పోవడం ఆ దేశంలో అదే మొదటిసారి. ఆదర్శంగా నిలుస్తుందన్నారు. మూడేళ్లు తిరగకముందే, 2015 జనవరిలో, ఖర్చులు భరించలేమంటూ సంస్థ తప్పుకుంటానని ప్రకటించింది. అదే సమయంలో తనిఖీ సంస్థ ఆ ఆసుపత్రి సేవలు ప్రమాణాలకు తగినట్టు లేవని నివేదిక ఇచ్చింది. నష్టం ఒక పరిమితి దాటితే తప్పుకునే వెసులుబాటు ఒప్పందంలోనే ఉంది. కంపెనీ వెళ్లిపోయింది. రోగులు ఎక్కడికి వెళతారు? ఆసుపత్రి మళ్లీ ప్రభుత్వం ఒడిలోకే వచ్చింది. లాభం వచ్చినప్పుడు అది ప్రైవేటుది, నష్టం వచ్చినప్పుడు అది ప్రజలది. ప్రాణాలు నిలబెట్టే బాధ్యతను కాగితం మీద ఎవరికి బదిలీ చేసినా, అది చివరికి ప్రజల తలుపే తడుతుందని ఈ ఉదంతం రుజువు చేసింది.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లండులో 2013 నుండి 2020 వరకు గల లెక్కలు పరిశీలించి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రైవేటు సంస్థలకు ఎక్కువ పని అప్పగించిన ప్రాంతాల్లో, సకాలంలో వైద్యం అందితే నివారించగల మరణాలు పెరిగినట్టు వారు గమనించారు. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని నిర్ధారించలేమన్నది నిజమే. కానీ ప్రైవేటు చేయి పడగానే సేవ మెరుగుపడుతుందని చెప్పేవారు ఈ లెక్కకు సమాధానం చెప్పాలి.

న్యాయం మాట్లాడాలంటే రెండో వైపు కూడా చెప్పాలి. బ్రిటన్ ప్రజారోగ్య సేవ స్వర్గం కాదు. 2023లో ఇంగ్లండులో చికిత్స కోసం ఎదురుచూస్తున్న కేసుల సంఖ్య 75 లక్షలు దాటింది. మోకాలి ఆపరేషన్ కోసం నెలల తరబడి నిరీక్షించే వృద్ధులున్నారు. నిరీక్షించలేనివారు ప్రైవేటు ఆసుపత్రికి పోతున్నారు. అలా పోయేకొద్దీ వారి చేద ఆ బావి నుండి బయటికి వస్తున్నది. వరుస పొడవు కావడం, స్థోమత గలవారు తప్పుకోవడం, తప్పుకున్నవారు ఆ బావికి పన్ను ఎందుకు కట్టాలని అడగడం ఒకదాని వెంట ఒకటి నడిచే అడుగులు.

మన బావిలో పూడిక

ఇప్పుడు మన ఇంటి సంగతి. మనకు బ్రిటన్ వంటి వ్యవస్థ ఎన్నడూ పూర్తిగా ఏర్పడలేదు. కానీ కల మాత్రం ఉండేది. స్వాతంత్ర్యానికి ఏడాది ముందు, 1946లో, భోర్ కమిటీ తన నివేదికలో డబ్బు కట్టలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్న సూత్రాన్ని ముందుంచింది. మన నేల మీద ఆ భావన అంతకంటే పాతది. హైదరాబాద్ నగరం పుట్టిన కొద్దికాలానికే, 1595లో, ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుష్షిఫా కట్టించాడు. ఆరోగ్య నిలయం అని ఆ పేరుకు అర్థం. ఆసుపత్రి పోయినా ఆ పేటకు ఆ పేరు నేటికీ మిగిలింది. మూసీ ఒడ్డున ఏడవ నిజాం కాలంలో లేచిన ఉస్మానియా ఆసుపత్రి తరతరాల పేదలకు పెద్ద దిక్కు అయింది.

ఆ ఉస్మానియా పాత భవనానికి ఏమైంది? దశాబ్దాల పాటు మరమ్మతులు వాయిదా పడ్డాయి. 2020 జులైలో కురిసిన వర్షాలకు వార్డుల్లోకి మురుగునీరు చేరింది. ఆ నెలలోనే భవనాన్ని ఖాళీ చేయించారు. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది 2025 జనవరిలో. బావిని ఎవరూ అమ్మలేదు. పూడిక తీయడం మానేశారు, అంతే. పూడిక పేరుకుంటే నీళ్లు బురదగా ఉన్నాయంటారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు పక్కవాడి బావి మేలంటారు. చివరికి ప్రజల సొమ్ముతోనే పక్కవాడి నీళ్లు కొనిపెడదామంటారు. ఇక అమ్మవలసిన పని ఏముంది?

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వేలాది నిరుపేద కుటుంబాలను కాపాడింది. గుండె ఆపరేషన్ అంటే ఊహకు కూడా అందని ఇళ్లకు దాని తలుపు తెరిచింది. ఆ మేలును కాదనడం కృతఘ్నత. కానీ ఆ సొమ్ములో పెద్ద వాటా ప్రైవేటు ఆసుపత్రులకు చేరింది. జిల్లా ఆసుపత్రులకు కొత్త పరికరాలుగా, నర్సుల నియామకాలుగా మారవలసిన ధనం బిల్లుల చెల్లింపుగా మారింది. బకాయిలు పేరుకున్నప్పుడల్లా సేవలు ఆపేస్తామని ఆసుపత్రుల సంఘాలు ప్రకటించడం రెండు రాష్ట్రాల్లోనూ చూస్తున్నాం. చేతిలో కార్డు ఉంటుంది. కార్డును అంగీకరించే మంచం ఆ రోజు ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో కొత్తగా కడుతున్న ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పదింటిని ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో నడపాలని 2025 సెప్టెంబరులో మంత్రిమండలి నిర్ణయించింది. ఆదోని, మదనపల్లె, మార్కాపురం వంటి పట్టణాలు ఆ జాబితాలో ఉన్నాయి. ఖజానాలో డబ్బు లేదనీ, పని త్వరగా పూర్తవుతుందనీ ప్రభుత్వ వాదన. సీట్లు, సేవలు పేదలకు దూరమవుతాయని వ్యతిరేకుల వాదన. మేము ఏ పార్టీ పక్షాన్నీ వహించడం లేదు. అడగవలసిన ప్రశ్నలు మాత్రం ముందుంచుతున్నాం. నష్టం వస్తే ఎవరు భరిస్తారు? సంస్థ మధ్యలో వదిలిపోతే ఆసుపత్రి ఎవరిది? ఉచిత మంచాలు ఎన్ని, వాటిని లెక్కపెట్టేది ఎవరు? ఒప్పందం పూర్తి పాఠాన్ని ప్రజల ముందు పెడతారా? హించింగ్‌బ్రూక్ ప్రజలు ఈ ప్రశ్నలకు సమాధానం ఆలస్యంగా తెలుసుకున్నారు. మనం ముందే అడగవచ్చు.

ఒక లెక్క ప్రతి ఇంటి ఆడపడుచుకు సంబంధించినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కడుపు కోత ద్వారా జరిగాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ వాటా 44.5 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. అవసరమైన చోట కడుపు కోత ప్రాణదానమే. కానీ ప్రతి పదిమందిలో ఎనిమిది మంది తల్లులకు అది అవసరమా? వైద్యులందరూ దురాశాపరులని మేము అనడం లేదు. బిల్లు పెరిగితే మేలు జరిగే వ్యవస్థలో మంచివాని చేయి కూడా తెలియకుండానే కత్తి వైపు వాలుతుందని మాత్రమే అంటున్నాం.

వ్యాపారం ధర్మమే, కానీ

ఇస్లాం వ్యాపారాన్ని నిషేధించలేదు. దైవప్రవక్త (సఅసం) తమకు రక్తం తీసి చికిత్స చేసిన వ్యక్తికి ప్రతిఫలం చెల్లించారు. వైద్యుడు తన శ్రమకు రుసుము తీసుకోవడం హలాల్. నిజాయితీగా నడిచే ప్రైవేటు వైద్యశాలలు ఎన్నో ఉన్నాయి, మన సోదరులు నడిపేవీ ఉన్నాయి. అయితే బేరం కుదరాలంటే కొనేవాడు వద్దని లేచిపోగలగాలి. ప్రసవ వేదనలో ఉన్న తల్లి లేచిపోగలదా? ఊపిరి ఆడని ముసలి తండ్రి నాలుగు దుకాణాలు తిరిగి ధర కనుక్కోగలడా? నిస్సహాయుని అవసరాన్ని అదనుగా తీసుకుని ధర పెంచడాన్ని మన ధర్మశాస్త్రవేత్తలు గర్హించారు. పూర్వపు ముస్లిం నగరాల్లో అంగళ్ల తూకాలను చూసే ముహ్తసిబ్ వైద్యుల పనినీ పర్యవేక్షించేవాడు.

కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) కోసం ప్రవక్త మస్జిదులోనే గుడారం వేశారు. గాయపడినవారికి సేవ చేసిన రుఫైదా (రజి) పేరు మన తల్లులు, చెల్లెళ్లు గర్వంగా చెప్పుకోదగినది. తరువాతి కాలంలో 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో కట్టించిన మన్సూరీ ఆసుపత్రి ధనిక, పేద తేడా లేకుండా అందరికీ తెరిచి ఉండేది. దాని ఖర్చు వక్ఫ్ ఆస్తుల ఆదాయం నుండి వచ్చేది. వక్ఫ్ చేసిన దాన్ని అమ్మకూడదు, కానుకగా ఇవ్వకూడదు, వారసత్వంగా పంచకూడదు. కొన్ని వస్తువులు సంతలోకి రాకూడదని మన పూర్వీకులు గీసిన గీత అది. ఒక ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవాళిని కాపాడడంతో సమానమని దివ్యఖుర్ఆన్ బోధిస్తున్నది. ఆ ప్రాణాన్ని కాపాడే మంచం ఆ గీతకు లోపలి వైపు ఉండదగినదే.

మన చేద ఎక్కడుంది?

ఇక కష్టమైన మాట చెప్పాలి. మన ప్రభుత్వ ఆసుపత్రులలో దురుసుతనం ఉంది, లంచం ఉంది, కొన్నిచోట్ల వైద్యుని కుర్చీ ఖాళీగా ఉంటుంది. అక్కడ అవమానపడి వచ్చినవారు మన ప్రతి కుటుంబంలోనూ ఉన్నారు. ఆ అవమానాన్ని తప్పించుకోవడానికే చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మనం ప్రైవేటు వైపు మళ్లాం. అది సహజం. కానీ మనతోపాటు మన గొంతు కూడా అక్కడి నుండి వెళ్లిపోయింది. ఫిర్యాదు రాయగలిగినవాడు, అధికారిని నిలదీయగలిగినవాడు వెళ్లిపోయాడు. అడగడం తెలియనివారే మిగిలారు. అడిగేవారు లేని బావి పూడిపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మన చేదను మళ్లీ ఆ బావిలో వేయడం సాధ్యమే. కోవిడ్ కాలంలో పెద్ద బిల్లులకు భయపడిన ఎన్నో కుటుంబాలు హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి వైపే చూశాయి. తెలంగాణలో 2017 నుండి బాలింతలకు సహాయం, కిట్ ఇవ్వడం మొదలయ్యాక ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పులు బాగా పెరిగాయి. పూడిక తీస్తే జనం వస్తారు.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. టీకాలు, గర్భిణి పరీక్షలు, బీపీ, షుగర్ మందులు వంటి వాటికి దగ్గరలోని ప్రభుత్వ కేంద్రానికి వెళ్లడం అలవాటు చేసుకుందాం. లోపం కనిపిస్తే గొణుక్కోకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు చేద్దాం. ప్రతి మస్జిదు కమిటీ తన పరిధిలోని ఆసుపత్రికి నెలకొకసారి ఇద్దరు బాధ్యతగల వ్యక్తులను పంపితే, రోగులకు దారి చూపవచ్చు, ఖాళీ కుర్చీల లెక్కా రాయవచ్చు. ఆ లెక్క ఎమ్మెల్యే ముందుకు, కలెక్టర్ ముందుకు వెళ్లాలి. ఆ పని అన్ని మతాల పొరుగువారితో కలిసి చేయాలి, ఎందుకంటే ఆ వార్డులో పక్క మంచం మీద ఉన్నది వారే. ఓటు అడగడానికి వచ్చినవారిని మన వీధి రోడ్డు గురించి అడిగినట్టే జిల్లా ఆసుపత్రి గురించి కూడా అడుగుదాం.

జుమా రోజున ఆ గుమ్మం దగ్గర నిలబడిన సోదరుని రుమాలులో తప్పక వేద్దాం. ఈ రోజు అతని అవసరం ఈ రోజుదే. జకాత్‌కు అర్హుడైతే అందులో అతనికి హక్కు కూడా ఉంది. కానీ ఏటేటా మన జకాత్‌లో ఎంత భాగం ఆసుపత్రి బిల్లుల రూపంలో వెళ్లిపోతున్నదో లెక్క వేసుకుందాం. ఆ ధనంతో ఎందరు అనాథలు చదువుకునేవారో, ఎందరు వితంతువులు కుట్టుమిషన్ కొనుక్కునేవారో! హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతి దాహార్తికీ రోజూ ఒక కుండ నీరు కొనిపెట్టి ఊరుకోలేదు. బావినే అందరిదిగా చేశారు. ఆ తరువాత తన చేదను అందరి చేదల పక్కన వేశారు.

ఓ అల్లాహ్! రోగులకు స్వస్థత, సేవ చేసేవారికి కరుణ, పాలకులకు జవాబుదారీ భయం ప్రసాదించు. మాకు అందరిదీ అయిన దాన్ని కాపాడుకునే బుద్ధినీ, బలాన్నీ అనుగ్రహించు. ఆమీన్.